ఆరో పెట్టె చెవులు

ఫాల్గుణ బహుళ షష్ఠి

మా ఇంట్లో నేనేం మాట్లాడినా దానికి అర్థం ముందే సిద్ధంగా ఉంటుంది. అన్నం వద్దంటే మెట్ట మీద కాలేజీలో ఎవరినో చూసుకుని వచ్చానని. ఆకలేస్తోందంటే అక్కడ తిండిలేక చిక్కిపోయానని. ఈరోజు పొద్దున్న ఆరో పెట్టె కింద ఊట కాలవలో నీళ్ళు బురదగా వస్తున్నాయని చెప్పాను. అత్త నాన్న వైపు చూసి నవ్వింది.

"చెవులు అందుకోడానికి భయపడుతోంద్రా నీ కూతురు. వంక వెతుక్కుంటోంది."

నాన్న కంచంలోంచి తలెత్తకుండానే, "అలవాటవుద్దిలే" అన్నాడు. నీళ్ళ మాట అక్కడితో సరి.

చెవులు అందుకోవడమంటే నడిలంకలో చిన్న విషయం కాదు. అమావాస్య నాటి పొద్దుటి పోటుకి, ఊరంతా చూస్తుండగా, మా మేనత్త నాంచారమ్మ సముద్రపు కట్ట మీది పెట్టెల చెవులు నాకు అప్పగిస్తుంది. అప్పటినుంచి ఆమె బదులు నేను లస్కరుని. కట్టని చూసుకునేవాళ్ళని ఇక్కడ లస్కర్లంటారు. అత్తకి పిల్లల్లేరు. అమ్మ పోయాక అక్కనీ నన్నూ పెంచింది ఆమే. అక్క పెళ్ళయి పొలం పనిలో పడింది కాబట్టి చెవులు నాకు రావాలని ఎప్పుడో తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, నాకా పని ఇష్టమేనని. వాళ్ళు మాత్రం ఇష్టం లేదనే అనుకుంటున్నారు.

పని అందుకోబోయే మనిషి అమావాస్యకి ముందునుంచీ దినచర్య రాయాలని నియమం. రాసినవన్నీ షెడ్డులో బీరువాలో పడేస్తారు. "కట్ట క్షేమం అని రాస్తే చాలు. ఎవరూ చదివి చావరు" అంది అత్త. ఎవరూ చదవరు గనక ఉన్నదున్నట్టు రాస్తాను.

ఈరోజు పని: పంపుల మూతులకి పట్టిన ఉప్పు గీకాను. పంపులకి కరెంటిచ్చే ఎండపలకలు తుడిచాను. ఏడు పెట్టెల దగ్గరికీ వెళ్ళి తెరల మీది గీతలు చూశాను. అన్నీ నిద్రలో జోగుతున్నట్టున్నాయి. ఆరోది మరీ గాఢనిద్రలో ఉంది.

ఊట సాయంత్రం కూడా బురదగానే ఉంది. కట్ట కింద నీరు ఊరడం మామూలే. తేటగా ఊరినంతకాలం భయం లేదు. బురదగా ఊరితే కట్ట లోపల మట్టి కరుగుతోందని. ఇది మెట్ట మీద నేర్చుకున్నది కాదు, చిన్నప్పుడు ఈ అత్తే చెప్పింది.

సప్తమి

కట్ట మీద నుంచుంటే ఒక పక్క సముద్రం చెయ్యి చాస్తే అందేట్టు ఉంటుంది. రెండో పక్క మా ఇంటి కప్పు దానికన్నా కిందుంటుంది. ఇక్కడే ఉన్నవాళ్ళకి అది వింత కాదు. నాలుగేళ్ళు మెట్ట మీద ఉండొచ్చిన నాకు మళ్ళీ కొత్తగా కనిపిస్తోంది.

పొద్దున్న మస్తాన్ బాబాయ్ ఉప్పు ట్రాక్టరెక్కి కట్ట వెంబడే వెళ్ళాను, నడక తప్పుతుందని. కట్ట పొడవునా మట్టిలో గాజునరం పాతారు. వెంట్రుకంత సన్నటి గాజుదారం, లోపల వెలుగు పరిగెడుతుంటుంది. కట్ట ఎక్కడ కుంగినా సాగినా నరం కూడా సాగి, దగ్గర్లోని పెట్టె తెర మీద గీత లేస్తుంది. ట్రాక్టరు బరువుకి కూడా లేవాలి. ఐదో పెట్టె దగ్గరకి రాగానే అక్కడి గీత గంతులేసింది. ఏడోదీ గంతులేసింది. మధ్యలో ఆరోది మాత్రం ఊపిరైనా తీయలేదు.

"బాబాయ్, ఒకసారి వెనక్కి పోనియ్యి."

"ట్రాక్టరంటే ఉయ్యాలబల్లా అమ్మాయ్?"

"ఒక్కసారే."

గొణుక్కుంటూనే పోనిచ్చాడు. ఇంజను ఆపకుండా ఆరో పెట్టె పక్కనే నిలబెట్టమన్నాను. నా పళ్ళు అదురుతున్నాయి. గీత అదరలేదు.

"మీ అత్త చేతి చలవ" అన్నాడు మస్తాన్. "ఆరోది బుద్ధిమంతురాలు. నెత్తినెక్కి తొక్కినా కిక్కురుమనదు."

"బుద్ధిమంతురాలో, చెవిటిదో."

"అదేం మాటమ్మా" అని ట్రాక్టరు ముందుకి దూకించాడు. మా అత్తని ఈ ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అననివ్వరు.

అందుకు కారణం ఉంది. గీత ఎర్రగుర్తు దాటితే ప్రమాదం కూత దానంతటదే మోగుతుంది. మోగితే పంపులు నడిపేవాళ్ళతో సహా అందరూ పని వదిలేసి ఊరి పక్కనున్న ఎత్తు దిబ్బ ఎక్కాలి. పంపులు ఒక్క పూట ఆగితే ఉప్పునీరు చేలల్లోకి ఊరుతుంది, పంట పోతుంది. ప్రతి పెట్టె పక్కనా మూడు గుండ్రటి రేకులుంటాయి, వాటి చుట్టూ గాజునరం చుట్టి ఉంటుంది. వాటినే చెవులంటాం. రేకుని అటో ఇటో వాల్చడాన్ని చెవి మెలెయ్యడం అంటాం. గీత రొద చేసినప్పుడు అత్త చెవులు మెలేస్తుంది. అల్లరిపిల్లాడు పంతులు చేతిలో అణిగినట్టు గీత అణిగిపోతుంది. దీన్ని ఇక్కడ జోలపట్టడం అంటారు. అత్త చెవులు పట్టిన దగ్గర్నుంచీ నడిలంకలో కూత మోగలేదు. నా జన్మలో నేను దాన్ని వినలేదు.

అష్టమి

పక్షంలోకెల్లా బలహీనమైన పోటు ఈరోజుది. సముద్రం కట్టని తాకుతోందా లేదా అన్నట్టుంది. గీతని లేపాలంటే నేనే లేపాలి. వంటింట్లోంచి రోకలి పట్టుకుని కట్టెక్కాను.

ఐదో పెట్టె దగ్గర నేల మీద దంచాను. దెబ్బ దెబ్బకీ గీత పిల్లి వీపు విరిచినట్టు లేచింది. ఏడో పెట్టె దగ్గరా అంతే. ఆరో పెట్టె దగ్గరికొచ్చి భుజాలు పడిపోయేదాకా దంచాను. గీత పరిచిన చాపలా ఉంది.

ఉప్పుమడులకి వెళ్ళే ఆడవాళ్ళు ఆగారు. నా పేరు సువర్చల, ఇంట్లోనూ ఊళ్ళోనూ సువ్వి అంటారు. "సువ్వీ సువ్వీ అని పిలవగా పిలవగా పిల్ల చేతికి రోకలొచ్చిందే!" అని ఎవరో అంది. అందరూ విరగబడి నవ్వారు. బాగుంది, నాకూ నవ్వొచ్చింది. దంచడం మాత్రం ఆపలేదు.

నాన్న వచ్చాడు. ఊళ్ళో ఆయన పెద్ద లస్కరు. పంపులూ, బస్తాలూ, మనుషులూ ఆయన చేతిలో ఉంటారు.

"దించమ్మా. నలుగురూ చూస్తున్నారు."

"నువ్వు కూడా చూడు నాన్నా. ఇదిగో దంచుతున్నా. గీత చూడు."

"పడుకునే ఉందిగా."

"అదే చెప్తున్నా. పడుకోకూడదు."

నా చేతిలోంచి రోకలి తీసుకుని భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఇంటికెళ్ళేసరికి కబురు మాకంటే ముందే చేరింది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అందట వెనకటికి ఒకతె" అని అత్త రోకలి కడిగి గోడకి ఆనించింది.

పిచ్చి ఏమిటో రాస్తాను. పెట్టె వెలుగుని రెండు పాయలుగా చీలుస్తుంది. ఒక పాయ కట్టలోని నరంలో తిరిగొస్తుంది. రెండోది పెట్టెలోనే ఒక చుట్టలో తిరిగొస్తుంది. చివర రెండూ కలుస్తాయి. కట్ట ఇసుమంత సాగినా మొదటి పాయ వెనకబడుతుంది, ఆ తేడానే గీత చూపిస్తుంది. అయితే వెలుగు ముందుకి పోతూనే పక్కకి ఊగుతుంటుంది, గుంజకి కట్టిన తాడు కొసని మనం ఊపితే అల పోయినట్టు. తాడుని నిలువునా ఊపొచ్చు, అడ్డంగానూ ఊపొచ్చు. ఈ ఊగే తీరుకి మా పుస్తకాల్లో ధ్రువణం అని పేరు. రెండు పాయలూ ఒకే తీరుగా ఊగుతూ వస్తేనే కలుస్తాయి. ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా వస్తే పక్కపక్కనే ఉండి కూడా ఒకదాన్నొకటి పట్టించుకోవు, మా ఇంట్లో మనుషుల్లా. అప్పుడు కట్ట సాగినా కుంగినా గీత కదలదు.

చెవి మెలేస్తే మారేది ఈ ఊగే తీరే. అంటే అత్త ఇన్నాళ్ళూ కట్టని పడుకోబెట్టలేదు. పెట్టెకి వినపడకుండా చేసింది.

దశమి

నిన్న ఏమీ రాయలేదు. పంపు బెల్టు తెగితే రోజంతా దానికే సరిపోయింది.

ఈరోజు అక్క కనకవల్లి ఇంటికి వెళ్ళాను. ఆరో పెట్టె కింద కట్ట దిగితే మొదటి ఇల్లు దానిదే. ఇంటి వెనకే చేను. బావ చేపలకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే నీటద్దాలు రెండు జతలు అడిగాను. నీటి మీది మెరుపుని మింగేసి లోపలి చేపని చూపించే అద్దాలవి. ఒకదాని మీద ఇంకోటి పెట్టి అక్క కంటి ముందు పట్టుకున్నాను.

"ఏం కనపడుతోంది?"

"చేను."

పై అద్దాన్ని మెల్లగా తిప్పాను. అడ్డంగా వచ్చేసరికి అద్దం నల్లబడింది.

"ఇప్పుడు?"

"ఏం లేదు. చీకటి."

"చేను ఎక్కడికైనా పోయిందా?"

అక్క నా చేతిలోంచి అద్దాలు లాక్కుని తనే తిప్పి చూసింది. వెలుగు, చీకటి, వెలుగు. నేను నాన్నకి పూటంతా చెప్పినా ఎక్కనిది దానికి పొయ్యి మీద పాలు పొంగేలోపల ఎక్కింది.

"అత్త చెవులు మెలేసేది ఇలాగా?"

"ఇలాగే."

"అంటే ఆరోదాని కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు."

"తెలీదు."

వెళ్ళి పాలు దించొచ్చింది. అద్దాలు తుడిచి సంచిలో పెట్టింది.

"ఎవరికీ చెప్పకు."

నేను ఏదో అనబోయాను. నా చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కెళ్ళింది. ఒక వెన్ను వంచి గింజని గోటితో నొక్కింది. తెల్లటి పాలు వచ్చాయి.

"చూశావా? ఇప్పుడు కూత మోగితే మిగిలేది తాలు. కోతయ్యేదాకా పడుకోనియ్యవే దాన్ని."

"అక్కా, తెగితే మొదటి ఇల్లు నీదే."

"తెలుసు. తెగకపోతే ఏడాదంతా తినేది కూడా నేనే. తెగుద్దని నువ్వు చూశావా?"

చూడలేదు. చూడలేదనే చెప్పాను.

"మరింకే" అని గట్టెక్కింది.

అర్థం కానివాళ్ళకి ఎలా చెప్పాలో నాలుగేళ్ళు చదివాను. దీనికి అంతా అర్థమైంది.

ఏకాదశి

అత్త ఉపవాసం. నేను తిన్నాను. ఊట నిన్నటికన్నా చిక్కగా ఉంది.

ద్వాదశి

అత్త పారణ వంటలో ఉండగా కట్టెక్కి ఆరో పెట్టె చెవుల మీద చెయ్యి వేశాను. చెవులు ఇంకా నావి కావు, వెయ్యకూడదు, వేశాను.

మొదటి చెవిని మెల్లగా వెనక్కి వాల్చాను. ఏం లేదు. రెండోది కాస్త వాల్చేసరికి గీతలో సన్నటి వణుకు. మూడోది. వణుకు పెరిగి, పెరిగి, గీత ఒక్కసారిగా లేచి నుంచుంది. కాలితో నేలని తట్టాను, తట్టిన ప్రతిసారీ జవాబిచ్చింది. అక్కడే కూర్చుని పోటు మొదలయ్యి తీసేదాకా చూశాను. పోటు ఎక్కేకొద్దీ గీత ఎక్కింది. అది సబబే, కట్ట మీద బరువు పడుతోంది. పాటుకి నీళ్ళు దిగాయి. గీత కూడా మొదటి చోటుకి దిగాలి. సగం దిగి ఆగిపోయింది. కట్ట సాగింది, తిరిగి రావడం లేదు.

అత్త మెట్లెక్కి వచ్చింది, చేతిలో క్యారేజీ.

"తినకుండా ఏం చేస్తున్నావే ఇక్కడ?"

గీత చూసింది. అరవలేదు. క్యారేజీ నా ఒళ్ళో పెట్టి, చూపు నా మీదే ఉంచి, చేతుల్ని చెవుల మీదికి పంపింది. వాటివైపు చూడను కూడా లేదు. గీత ఇంకా పైకి లేచింది, ఎర్రగుర్తు అంచుదాకా. మరుక్షణం చప్పున పడిపోయింది.

"ముందు అంత పైకెందుకు లేచిందత్తా?"

"పడుకునే ముందు ఏ పిల్లయినా ఒకసారి గుక్కపట్టి ఏడుస్తుంది. అక్కడ ఆగావంటే చెడ్డావ్. దాటించెయ్యాలి. విద్యంతా అదే."

అంటే ప్రతిసారీ ఆమె చెయ్యి, గీత అన్నిటికన్నా బాగా వినే చోటు మీదుగానే వెళ్తుంది. వెళ్ళి, దాటి, నిశ్శబ్దం దగ్గర ఆగుతుంది.

నేను వెలుగు ఊగడం గురించి చెప్పాను. అద్దాల గురించి చెప్పాను. అన్నం కలుపుతూ మొత్తం విన్నది.

"నా పెళ్ళైన కొత్తలో ఒక్క ఏడులోనే ముమ్మారు మోగిందే కూత. ఎండ్రకాయ బొరియ తవ్వినా లేచేది ఆ గీత. ముమ్మారూ కట్టకేం కాలేదు, పంట పోయింది. చివరిసారి దిబ్బ మీద మీ తాతకి గంజినీళ్ళు కూడా దొరకలేదు. అట్లాగే పోయాడు. ఆ తర్వాతే నేను చెవులు పట్టా. పట్టాక మళ్ళీ ఎవరన్నా దిబ్బెక్కారా? నువ్వెక్కావా?"

"లేదు."

"మరి? నేను పడుకోబెట్టా, కట్ట నిలబడింది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి నీకు?"

జవాబు ఉన్నా, తాత సంగతి వచ్చాక ఆ వాదన పెట్టుకోకుండా వేరేది అడిగాను.

"ఆరోదాన్ని ఎన్నాళ్ళకోసారి పడుకోబెడుతున్నావు?"

"పున్నానికీ అమాసకీ."

"ఈమధ్య?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఈమధ్య... రోజు విడిచి రోజు. ముసల్దయింది, నిద్ర తగ్గింది."

"అది కాదత్తా. కట్ట కదిలితే నరం మెలిపడుతుంది. నరం మెలిపడితే వెలుగు ఊగే తీరు మారుతుంది. నువ్వు మూసిన తలుపు అందుకే మాటిమాటికీ తెరుచుకుంటోంది. కట్ట నిలకడగా ఉంటే నీకింత పని ఉండదు."

"నాకు పని ఎక్కువైందనే కదా నీకు అప్పజెప్పేది" అంది. "నోరు తెరు."

ముద్ద నోట్లో పెట్టింది. ఇరవై మూడేళ్ళు నాకు.

త్రయోదశి

నాన్నతో షెడ్డులో మాట్లాడాను. మూడు పనులు అడిగాను: ఆరో పెట్టె కింద ఇసక బస్తాలు, అక్కడి ఇళ్ళని రెండు రోజులు ఖాళీ చేయించడం, అమావాస్య పోటుకి ముందే ఊరిని దిబ్బ ఎక్కించడం.

బస్తాలకి ఒప్పుకున్నాడు. మిగతావాటికి తల అడ్డంగా ఊపాడు.

"కూత మోగకుండా ఎక్కమంటే ఎవరెక్కుతారు? ఇంకో సంగతి చెప్పమ్మా. నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదను. మళ్ళీ మెట్టకే పోతానంటే నేనే పడవెక్కిస్తా. కట్ట మీద నెపం పెట్టకు."

"నాకీ పని ఇష్టం నాన్నా."

నేను అబద్ధం చెప్తూ దొరికిపోయినట్టు చూశాడు. జాలిగా కూడా.

"మరి కూత నువ్వే మోగించు. పెద్ద లస్కరువి" అన్నాను.

"నా చేతిలో ఎక్కడుంది? గీత చేతిలో ఉంది. గీత మీ అత్త చేతిలో ఉంది."

"ఎల్లుండి నా చేతిలో ఉంటుంది."

నాన్న లేచాడు. తాళాల గుత్తి తీసి నడుముకి చెక్కుకున్నాడు. చెవులు ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు ముట్టుకోకూడదని మాకు కట్టుబాటు. పెద్ద లస్కరైనా, అప్పగించిన మనిషైనా సరే. ఇద్దరి చేతులు పడితే కట్టకి చేటని అంటారు. నాన్న ఆ ఊసెత్తలేదు గనక, ద్వాదశి నాడు నేను ముట్టుకున్నట్టు అత్త ఎవరికీ చెప్పలేదని అర్థమైంది.

"చేతికొచ్చాక నిన్నెవరూ ఆపలేరు. అందుకే అడిగాను, ఇష్టం ఉందా అని" అన్నాడు నాన్న.

చతుర్దశి

ఉదయమంతా బస్తాలు మోశాం. మస్తాన్ ట్రాక్టరు మీద ఇసక తెచ్చాడు. అక్క కూడా వచ్చి నాకు దూరంగా అవతలి కొసన మోసింది. సాయంత్రానికి బస్తాల సందుల్లోంచి ఊట ఎర్రగా కారింది. గాజుగ్లాసులో పట్టి గట్టు మీద పెట్టాను. కాసేపటికి అడుగున బొటనవేలంత మట్టి పేరుకుంది. నాన్నకి చూపించాను.

"ఇది ఊట కాదు నాన్నా, కట్ట."

గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "రేపటి పోటు దాటనీ" అని, ఇంకో ట్రాక్టరు ఇసక తెమ్మని మస్తాన్‌కి చెప్పాడు. అంటే నమ్మకపోవడం కాదు. రెండు పక్కలా భయమే, వాటిలో ఒకటే ఆయనకి అలవాటు.

అత్త నా జడకి కొబ్బరినూనె రాసింది. రేపు ఏ చెవి తర్వాత ఏ చెవి తిప్పాలో వేళ్ళ మీద మళ్ళీ చెప్పింది. నేను సరిగ్గా నేర్చుకున్నాను. ఎంత సరిగ్గానో ఆమెకి తెలుసు, తలకి గట్టిగా మర్దన చేసింది.

అమావాస్య

పొద్దున్నే ఆరో పెట్టె దగ్గరికి ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు పెట్టెకి పసుపు రాసి బంతిపూలు చుట్టారు. పోటు అప్పుడే ఎక్కుతోంది, గాలి నీటి తుంపర్లు తెచ్చి మొహాన కొడుతోంది. అత్త పట్టుచీర కట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని చెవుల మీద పెట్టి, "ఇవాళ్టి నుంచి నీవే" అని తను రెండడుగులు వెనక్కి వేసింది.

ఆచారం ప్రకారం ముందురోజు సాయంత్రం నుంచీ గీతని లేచే ఉండనిస్తారు, కొత్త మనిషి అందరి ముందూ పడుకోబెట్టాలి గనక. పూర్తిగా లేవలేదు, సగం మెలకువలో నసుగుతోంది. జనం తెర వైపు చూస్తున్నారు.

మొదటి చెవి వాల్చాను. రెండోది. మూడోదాన్ని అత్త చెప్పినట్టే ముంజేతి బలం పెట్టకుండా వేలి కొసలతో తిప్పాను. గీత పైకి లేచింది, ఇంకా పైకి. గుక్కపట్టిన చోటు వచ్చింది. చేతులు ఆపేశాను.

"ఇంకొంచెం" అంది అత్త, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు. "ఇంకొంచెం తిప్పు."

"చాలత్తా."

"అక్కడ ఏడుస్తోందే."

"ఏడవనీ."

జనానికి ముందు తెలియలేదు. కొత్తది కదా, చెయ్యి తడబడిందనుకున్నారు. "కంగారు పడకు సువ్వీ, నిదానంగా" అని ఒకామె ధైర్యం చెప్పింది. కట్టని ఒక్కో అల తగిలేకొద్దీ గీత ఒక్కో మెట్టు ఎక్కుతోంది. అత్త చెయ్యి ముందుకొచ్చింది. చెవుల దాకా వచ్చి ఆగిపోయింది. కట్టుబాటు ఆమెదే, తను మీరలేదు. చేతిని కొంగులో చుట్టేసుకుంది.

నరం మెలిక మారి గీత నీరసపడబోతే మూడో చెవిని వెంట్రుకవాసి తిప్పి మళ్ళీ గుక్క దగ్గరికి తెచ్చాను. పడుకోబెట్టడానికి ఎంత నేర్పు కావాలో, పడుకోకుండా చూడ్డానికీ అంతే కావాలి. ఆ నేర్పు అత్త ఇచ్చిందే.

ఎర్రగుర్తు దాటింది. కూత మోగింది.

నేను అనుకున్నంత భయంకరంగా లేదు. దూడని దూరం చేస్తే ఆవు అరిచినట్టుంది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ శబ్దం ఏమిటో సగంమందికి తెలియదు. ఆ తర్వాత ముసలివాళ్ళు ముందు పరిగెత్తారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు. మస్తాన్ ట్రాక్టరు మీది ఇసక కుమ్మరించేసి నడవలేనివాళ్ళని ఎక్కించుకున్నాడు. పంపులు ఒక్కొక్కటే ఆగాయి. అవి ఆగాక ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఈరోజే విన్నాను.

అక్క తన పిల్లని చంకనెత్తుకుని, సామాను మూట నెత్తిన పెట్టుకుని నా పక్క నుంచే వెళ్ళింది. ఆగింది.

"పాలు పోసుకున్న చేను" అంది. "చూస్తూ కూర్చో ఇక్కడ."

దిబ్బ వైపు వెళ్ళిపోయింది. దాని ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు.

అత్త వెళ్ళనంది. నాన్న భుజం పట్టుకుని నడిపించబోతే విదిలించుకుంది. చివరికి తనంతట తనే కట్ట దిగింది. నా వైపు తిరిగి, "చెవులు పట్టాక దాని గొంతు నేనెప్పుడూ ఇంతసేపు వినలేదే" అంది. తిట్టిందో మరేమిటో తెలియదు.

ఇది ఆరో పెట్టె పక్కన కూర్చుని రాస్తున్నాను, ఒక చెయ్యి చెవుల మీద ఉంచి. పోటు ఇంకా ఎక్కుతోంది. కట్ట ఇంకా నిలిచే ఉంది. బస్తాల దగ్గర ఊట ధార కట్టింది, అక్క పెరట్లోకి పోతోంది. చేలల్లో ఉప్పునీరు అప్పుడే మెరుస్తోంది.

అందరూ పోయాక నాన్న నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పోటు తీశాక కట్ట నిలిచే ఉందనుకో. అందరి ముందూ చెయ్యి తడబడిందని చెప్పు. కొత్త గనక సరేనంటారు. వచ్చే పున్నానికి మళ్ళీ పడుకోబెట్టొచ్చు. నేను సర్దుతా."

"తడబడలేదు నాన్నా."

"అది నాకు తెలుసమ్మా. నువ్వు వాళ్ళకి ఏం చెప్తావో అది అడుగుతున్నా."

ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కట్ట ఈరోజు తెగొచ్చు, తెగకపోవచ్చు. తెగకపోతే పంట నా వల్ల పోయిందంటారు, నిజమే. అయినా చెవులు నా చేతిలో ఉన్నంతకాలం ఏ పెట్టెనీ పడుకోబెట్టను.